చివరి మడికి నీళ్లు

పొద్దున్నే పాలు పితికి, పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టి, శివపార్వతి కొడుకు కాళ్లు కడగడానికి వెళ్లేది. ధర్మతేజ చిన్నప్పుడే నడక మానేశాడు. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు. ఇప్పుడు ఇరవై దాటాక మెడ, రెండు బొటనవేళ్లు మాత్రమే అతని మాట వింటున్నాయి. అయినా పొద్దున చూస్తే పాదాల నిండా మట్టి ఉండేది. ఒకరోజు ఎర్రమట్టి, ఒకరోజు బూడిద, ఒక్కోసారి వేళ్ల సందుల్లో ఎండుటాకులు. ఒకసారి మంచు పేరుకుపోయి ఉంటే, దుప్పటి తడిసిందని ఆమె విసుక్కుంది.

"నిన్నంతా ఎక్కడ తిరిగావురా?"

"బురద నేలల్లో అమ్మా. దారి తప్పాను."

"కాస్త పొడిదారి చూసుకుని నడవకూడదూ. ఇది గోరుతో గీకినా రావట్లేదు."

అతను నడిచేది ఆటలో. రెండు చేతుల్లో ఇమిడే చిన్న గేమింగ్ యంత్రం, లినక్స్ మీద నడిచేది, ఎవరో వాడి అమ్మేస్తే ఆన్‌లైన్‌లో కొనుక్కున్నాడు. అంత పెద్ద ఆటను మోసే శక్తి దానికి లేదు. ఆట ఎక్కడో దూరాన, పెద్ద కంప్యూటర్లలో నడుస్తుంది. కాలువగట్టు స్తంభాల మీదుగా వచ్చే ఇంటర్నెట్ తీగలోంచి బొమ్మ మాత్రం ఇక్కడికి వస్తుంది, అతను మీట కదిలిస్తే ఆ కదలిక అక్కడికి వెళుతుంది. ఆ కంపెనీ వాళ్లు లినక్స్‌కు యాప్ ఇవ్వలేదు. ధర్మతేజ బొటనవేళ్లతో ఒక్కో అక్షరమే కొట్టి, పదిరకాలుగా ప్రయత్నించి, చివరికి బ్రౌజర్‌లో తెర నిండా ఆట వచ్చేలా చేసుకున్నాడు.

"ఇదీ నాలాంటిదే," అనేవాడు తల్లితో. "బరువంతా వేరేవాళ్లు మోస్తారు."

వాళ్ల ఇల్లు కర్ణాటకలో, బాళగనూరు పక్కన, తుంగభద్ర కాలువ కింద. తాత కోస్తా నుంచి వచ్చి నేల చదును చేసుకున్నాడు. అయితే అది కాలువకు చిట్టచివర. పైవాళ్లు తాగగా మిగిలిందే వీళ్లకు. ఆ ఏడు రెండో పంటకు అదీ మిగల్లేదు. అంతకుముందు ఏడు కూడా అంతే. ఈ పంట పోతే పొలం ఎవరికన్నా వదిలేసి సింధనూరు మిల్లులో పనికి పోవడమేనని తండ్రి చెంచయ్య అనుకుంటున్నాడు.

ఒక మధ్యాహ్నం అతను పొలం నుంచి వచ్చి గడపలో కూలబడ్డాడు. "ఈని నిలబడ్డ వరిచేను. పాలు పోసుకునే వేళకి నెర్రెలిచ్చింది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

ధర్మతేజ తెర మీంచి కళ్లు తిప్పకుండా విన్నాడు. "నాన్నా, ఈ ఆటలో ఒక ఏరుంది. మోకాలిలోతు. నేను అందులో నిలబడితే?"

చెంచయ్య కాసేపు కొడుకు పాదాల వంక చూశాడు. "ఉప్పునీళ్లు కాదు కదా?"

"కాదు. మంచు కరిగిన నీళ్లు."

శివపార్వతి వంటింట్లోంచి వచ్చింది. "వాడికి నిమ్ము చేరితే కష్టమని రాయచూరు డాక్టరు చెప్పిన మాట గుర్తుందా మీకు?"

కొడుకే అన్నాడు: "ఒక్క పంట అమ్మా. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో తినడం తప్ప నేను చేసిందేముంది?"

మంచాన్ని వరండా చివరికి జరిపారు. కాసేపటికి పాదాల మీద చెమట పట్టినట్టు తడి కనిపించింది. తర్వాత మడమల నుంచి ధార కట్టింది. చెంచయ్య పార తెచ్చి వరండా మెట్టు నుంచి ఇంటి వెనక పొలానికి పారే బోదె దాకా చిన్న కాలువ తీశాడు. సాయంత్రానికి మొదటి మడిలో నెర్రెలు మూసుకున్నాయి.

ఊరికే నిలబడితే సరిపోదు. కొంతసేపు మీట కదలకపోతే మనిషి లేడనుకుని అవతలి కంప్యూటరు ఆట ఆపేస్తుంది. మళ్లీ వరసలో వేచి ఉండాలి. అందుకని ధర్మతేజ ఏట్లో రెండడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ వేస్తూనే ఉండేవాడు. పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా అదే పని. బొటనవేళ్లు కొంకర్లు పోయేవి. కానీ తండ్రి పొలం నుంచి వచ్చి "మూడో మడి కూడా తడిసిందిరా అబ్బాయ్" అంటే అతని మొహం వెలిగిపోయేది. ఆ గొంతుతో తండ్రి తనతో మాట్లాడటం అతనికి కొత్త.

పక్క పొలం బాపయ్య వచ్చి మెట్టు మీద కూచున్నాడు. "అన్నా, సాయంత్రం పూట కాసేపు మా బోదెకి మళ్లించుకోనా? మాది ముందు నాటింది, ఒక్క తడి చాలు."

"మళ్లించుకో," అన్నాడు చెంచయ్య. కొడుకుని అడగాలని అతనికి తోచలేదు.

మందుల కోసం వచ్చే ఆశా కార్యకర్త శరణమ్మ పాదాలు పట్టుకుని చూసింది. తెల్లగా నాని, ముడతలు పడి, ఒత్తితే లొత్త పడుతున్నాయి. ఛాతీకి చెవి ఆనించింది.

"గిట్ల నీళ్లల్ల పెట్టొద్దక్కా. లోపల గురగుర అంటున్నది," అని శివపార్వతికి చెప్పింది. "పాణం కంటే చేను జాస్తినా?"

ఆ రోజు శివపార్వతి యంత్రం లాక్కోబోయింది. కొడుకు ఏడ్చాడు. జబ్బు మొదలైన కొత్తలో ఏడ్చాడు, మళ్లీ ఇప్పుడే. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

గింజ పాలు గట్టిపడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పొలంలో ఉన్న చెంచయ్యకు బోదెలో ధార సన్నబడటం కనిపించింది. గబగబా ఇంటికొచ్చి, వాకిట్లోంచే అడిగాడు.

"నీళ్లు తగ్గాయేంటి?"

వరండాలో శివపార్వతి మంచం పట్టె మీద కూచుని ఉంది. యంత్రం ఆమె చేతిలో ఉంది. రాని పని చేస్తున్నట్టు పెదవి కొరుక్కుంటూ మీట అటూ ఇటూ నెడుతోంది. ధర్మతేజ కళ్లు సగం మూతపడి ఉన్నాయి. ఊపిరి పైపైన ఆడుతోంది.

"బొటనవేళ్లు కదలట్లేదంట పొద్దుట్నుంచి," అంది ఆమె, తల ఎత్తకుండా. "నువ్వు నెట్టమ్మా, ఆపొద్దు అన్నాడు. ఒళ్లు కాలిపోతోంది."

చెంచయ్య చేతిలోని పార కింద పెట్టాడు. తాను అడిగిన మాట ఇంకా వాకిట్లోనే ఉన్నట్టనిపించింది అతనికి. భార్య చేతిలోంచి యంత్రం తీసుకుని మంచం పక్కన మోకాళ్ల మీద కూచున్నాడు.

"ఈ మనిషిని ఏట్లోంచి గట్టుకి ఎలా ఎక్కించాలిరా?"

ధర్మతేజ కళ్లు తెరిచాడు. "వద్దు నాన్నా. గింజ ఇంకా గట్టిపడలేదు. ఎండిపోద్ది."

"ఎండనీ."

"నావల్ల అయ్యే పని ఇదొక్కటే."

"ఎలా ఎక్కించాలో చెప్పు," అన్నాడు చెంచయ్య మళ్లీ. కొడుకు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నాగలి పట్టిన మొద్దు వేళ్లతో చెంచయ్య తనకు తోచినట్టు నెట్టాడు. తెర మీది మనిషి లోతుకు పోయాడు, రాళ్లకు కొట్టుకున్నాడు, వెనక్కి వచ్చాడు. చాలాసేపటికి ఒడ్డు తగిలింది. వరండా మెట్టు మీద ధార ఆగిపోయింది. శివపార్వతి ఆ తడి కాళ్లను చీరచెంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది.

బాపయ్య కారులో రాయచూరు తీసుకెళ్లారు. డాక్టరు ఛాతీ చూసి, పాదాలు చూసి, "ఇంకొక్క పూట నీళ్లలో ఉండుంటే తెచ్చినా లాభం ఉండేది కాదు," అన్నాడు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి చేను తెల్లబడింది. కంకి నలిపితే అంతా తాలు. చెంచయ్య గొర్రెల మందను తోలించాడు. అవి మేస్తున్నంతసేపూ ధర్మతేజ కిటికీలోంచి చూశాడు. బాపయ్య పంట మాత్రం గట్టెక్కింది. అతను ఒక ధాన్యం బస్తా తెచ్చి వరండాలో పెట్టి వెళ్లిపోయాడు.

చెంచయ్య సింధనూరు మిల్లులో పనికి కుదిరాడు. ధర్మతేజ బొటనవేళ్లు మళ్లీ కదల్లేదు. వానలు మొదలయ్యేదాకా తండ్రితో మాట్లాడలేదు కూడా. ఆ వానలు అతను చూడడని అందరూ అనుకున్నారు. చూశాడు.

ముసురు పట్టిన ఒక సాయంత్రం చెంచయ్య మిల్లు నుంచి వచ్చి, తల తుడుచుకుని, మంచం పక్కన కూచుని యంత్రం చేతిలోకి తీసుకున్నాడు.

"ఎటు పోదాం?" అన్నాడు.

కొడుకు గోడవైపు నుంచి మొహం ఇటు తిప్పాడు. "చలిగా ఉంది నాన్నా," అన్నాడు చివరికి.

చెంచయ్య మీట నెట్టాడు. అడవి దాటించాడు, ఒక కొండ ఎక్కించాడు, దింపాడు. అవతల ఎండ పడుతున్న ఇసుకనేల కనిపిస్తే మనిషిని అక్కడికి తీసుకెళ్లి నిలబెట్టాడు. ఆట ఆగిపోకుండా ఎండలోనే అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేయిస్తూ, రెండో చేత్తో కొడుకు పాదాలు తడిమి చూశాడు. ఇంకా చల్లగానే ఉన్నాయి. మెల్లమెల్లగా వెచ్చబడ్డాయి.