పిండని నిమ్మకాయ

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నాకు టామ్ యమ్ సూప్ చేశాక తెలిసింది.

పెద్ద జ్వరం వచ్చి తగ్గాక మా అత్తయ్యకు నోటి రుచి పోయింది. ఏది పెట్టినా "మట్టిలా ఉందే" అని పళ్ళెం తోసేసేది. ఆ రోజుల్లోనే నేను సరదా కొద్దీ ఫోన్‌లో వీడియో చూసి ఈ థాయ్ సూప్ చేశాను. నిమ్మగడ్డి, రొయ్యలు, పుట్టగొడుగులు, పచ్చిమిరపకాయలు, ముక్కు మూసుకుని పోయాల్సిన చేపల సాసు. ఆవిడ గిన్నె ఖాళీ చేసి "పులుపు తెలుస్తోందే!" అంది. ఇంటిల్లిపాదీ నన్ను ఆకాశానికెత్తేశారు. ఉబ్బినదాన్ని ఊరుకోవచ్చుగా? మర్నాడు కొబ్బరిపాలతో గ్రీన్ కర్రీ కూడా చేశాను. అదీ తింది.

అంతే, నన్ను పొయ్యికి కట్టేశారు. ఒక్కపూట పుట్టింటికి వెళ్తానన్నా మా ఆయన "అమ్మ పస్తుండాలా?" అనేవాడు. పోనీ ఆయనకు నేర్పుదామంటే నిమ్మగడ్డి వాసనకే తుమ్ములు. ఆ తుమ్ములు కూడా భలే సమయానికి వచ్చేవి.

ఈ రోజు పొద్దున్నే, పెళ్ళికి ముందు నేను పనిచేసిన కుట్టుమిషన్ల షెడ్డు యజమానురాలు ఫోన్ చేసింది. బట్ట కత్తిరించే మాస్టరు మానేశాడట. "నీ కత్తెర ఎలా నడుస్తుందో నాకు తెలుసు. మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేస్తాను, ఏదో ఒకటి చెప్పు. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయనకు చెప్తే బూట్లు తొడుక్కుంటూ "వెళ్ళు, నేనొద్దన్నానా? అమ్మకు వండేదెవరో అదొక్కటీ చెప్పు" అని ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

ఆ కోపంతోనే సూప్ కాచి అత్తయ్యకు పోసిచ్చాను. రెండు చెంచాలు తాగి, "ఈ రోజు పులుపు ఎంత బాగా కుదిరిందే" అంది.

నా గిన్నె కోసం వంటింట్లోకి వెళ్ళి ఆగిపోయాను. ఈ సూప్‌లో నిమ్మరసం పొయ్యి మీంచి దించాకే పిండాలి, లేకపోతే చేదెక్కుతుంది. దించడమైతే దించాను, పిండటం మర్చిపోయాను. నిమ్మకాయ కోయకుండా అలాగే ఉంది. చేపల సాసు మూత కూడా తీయలేదు.

ఆ నిమ్మకాయ తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. "ఏ పులుపు కుదిరింది అత్తయ్యా?"

ఆవిడ దానివంక చూసి చెంచా కింద పెట్టేసింది. "అంతా మట్టేనే. మొదటిరోజు నుంచీ."

"మరి నన్నెందుకు ఇలా కట్టేశారు?" అని అరిచాను.

"మట్టిలా ఉందంటే అందరూ విసుక్కుని లేచిపోయేవాళ్ళు. బాగుందంటే నువ్వు పక్కన కూర్చుని కబుర్లు చెప్పావు. ఈ గోడలతో ఎంతసేపని మాట్లాడనే?"

అంతలో ఫోన్ మోగింది.

"ఫోన్ తియ్యి. పొద్దున మీ మాటలు విన్నాలే. వస్తానని చెప్పు. నేను ఏదో ఒకటి తింటాలే" అంది. అంటూనే నా కొంగు పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఆవిడకే తెలిసినట్టు లేదు.

సాధించే అత్తగారైతే విదిలించుకుని వెళ్ళిపోయేదాన్ని. ఈవిడను ఏం చెయ్యను? ఫోన్ తీసి "రాలేనండీ" అన్నాను. అవతల యజమానురాలు "సరే" అని పెట్టేసింది.

నిమ్మకాయ కోసి నా గిన్నెలో పిండాను. చేపల సాసు కూడా పోసుకున్నాను. వచ్చి ఆవిడ పక్కన కూర్చుని ఒక చెంచా తాగాను.

"ఎలా ఉందే?" అంది అత్తయ్య.

"మట్టిలా ఉంది అత్తయ్యా" అన్నాను.