వండుతాం, నేర్పం

తిరువూరులో దశరథరామయ్య డాక్టరు కట్టించిన ఆసుపత్రిలో జుట్టు నెరిసేదాకా హన్నమ్మే పథ్యం వండింది. కామెర్లవాళ్ళకి నూనె లేని కూర, ఒళ్ళు నీరుపట్టినవాళ్ళకి ఉప్పు లేని పప్పు, ఆపరేషనైనవాళ్ళకి జావ. డెబ్బైనాలుగు వేసవిలో అక్కడే పథ్యం ట్రైనింగు క్లాసు పెట్టారు. పాసైతే సర్టిఫికెట్టు, ఆపైన సూపర్‌వైజరు ఉద్యోగం. నన్నూ చేర్చుకోండని హన్నమ్మ వెళ్ళి అడిగింది.

"పదో తరగతి పాసవలేదుగా నువ్వు," అన్నాడు డాక్టరు.

"ఇన్నేళ్ళు వండాను కదండీ, అది లెక్కలోకి రాదా?"

"వంటంటే పని హన్నమ్మా. చదువు కాదు."

ఆ మాటన్న మనిషే క్లాసులో చేరిన అమ్మాయిల్ని నేర్చుకోమని ఆమె పొయ్యి దగ్గరికి పంపాడు. సొమ్మొకడిది, సోకొకడిదంటే ఇదే. రేపు ఈ అమ్మాయిలే ఆమెమీద అజమాయిషీ చేస్తారు. హన్నమ్మకు కోపం కూడా రాలేదు, నీరసం వచ్చింది.

మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళేరుతూ హన్నమ్మా, తోటి వంటామెలూ వాదులాడుకున్నారు.

"పొయ్యిలార్పేద్దాం. అప్పుడు తెలిసొస్తది," అంది చిట్టెమ్మ.

"ఆర్పితే మాడేది రోగుల కడుపులే. వాళ్ళు మాత్రం ఎవరే? మనలాంటి కూలోళ్ళు కాదూ?" అంది హన్నమ్మ.

"మన బతుకులింతే అక్కా, ఊరుకో," అని నాగేంద్రమ్మ చేట పక్కన పెట్టేసింది.

హన్నమ్మ ఆ చేట అందుకుని మిగిలిన రాళ్ళేరింది. "వండుదాం. నేర్పొద్దు," అంది చివరికి.

మర్నాడు సరోజినీదేవి అనే అమ్మాయి, "ఉప్పు లేకుండా పప్పుకి రుచెలా వస్తుందండీ?" అని అడిగింది. మంచి పిల్ల. హన్నమ్మ నోరు మెదపకుండా గరిటె తిప్పింది. తెలిసింది దాచుకోవటం అలవాటు లేని మనిషి, ఆమె ప్రాణం ఉసూరుమంది. మిగతావాళ్ళూ పెదవి విప్పలేదు.

కబురు తెలిసి దశరథరామయ్య వంటింట్లోకి ఊడిపడ్డాడు.

"హన్నమ్మా, రేపట్నుంచి నువ్వు రావక్కర్లేదు."

ఆమె ఇల్లు గడిచేది ఈ పనితోనే. హన్నమ్మ గుమ్మంలోనే చతికిలబడింది.

"నాగేంద్రమ్మా, నువ్వు నేర్పు. ఆవిడ చోట నిన్ను పెడతా."

నాగేంద్రమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. గుమ్మంలో కూర్చున్న హన్నమ్మను చూసింది.

"వండుతానండి. నేర్పాలంటే హన్నమ్మక్కను రానివ్వండి, మమ్మల్నందర్నీ ఆ క్లాసులో కూర్చోబెట్టండి. ఇన్నాళ్ళూ చేసింది ట్రైనింగు కింద జమకట్టండి."

"నువ్వూ పోతావా?"

"పోతానండి. నా తరవాత చిట్టెమ్మ ఉంది. అదీ ఇదే అంటది."

డాక్టరు చిట్టెమ్మ వైపు తిరిగాడు.

"అంటానండి," అంది చిట్టెమ్మ, పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా. "ముందు జావ దించనివ్వండి. వార్డులో ఆకలితో ఎదురుచూస్తన్నారు."