ముగ్గురి పేర్లు, దుర్గవ్వ వేళ్లు

బీడీలు చుట్టడంలో దుర్గవ్వను మించిన చెయ్యి ఆ వాడలోనే లేదు. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుందంటే, పక్కవాళ్లు సగంలో ఉండగానే ఆమె కట్టలు కట్టి లేస్తుంది. లేచాక ఊరికే కూర్చునే రకమా! పక్కింటి శాంతవ్వవి, ఎదురింటి హన్మవ్వవి, వెనకింటి అనిలవి కట్టలన్నీ తన గంపలోనే సర్దుకుని, కార్ఖానాకు పోయి అప్పజెప్పి వస్తుంది. అక్కడ ఎవరి పేరు పిలిచినా తనే "ఆఁ" అంటుంది. ఎల్లారెడ్డికి కాస్త దూరంలో ఉన్న ఆ ఊళ్లో నలుగురి పనికి ఒక్కరు పోవడం ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. గ్యాసు బండ రాసిరావాలన్నా, రేషన్ లైన్లో నిలబడాలన్నా అంతే. అందులో తప్పేముందో మీరు చెప్పినా వాళ్లకు ఎక్కదు.

అందుకే, బడి వరండాలో బీపీ, షుగరు పరీక్షలు చేస్తున్నారని, ముప్పై దాటిన వాళ్లంతా ఆధార్ కార్డుతో రావాలని ఆటోకు మైకు కట్టి చెప్పిన రోజున, ఆ నలుగురు మాట్లాడుకున్న తీరు వేరేగా ఉండే అవకాశమే లేదు.

"వేలికి సూది గుచ్చుతరట. పుండు వేలుతోని బీడీ మూతి ఎట్ల ముడుస్త? ఇయ్యాల పని ఎల్లదు," అంది శాంతవ్వ.

"నాకు సూది జూస్తెనే కండ్లు తిరుగుతయి," అంది అనిల. ముగ్గురిలో చిన్నది ఆమే. మొగుడు శైలేందర్ మస్కట్‌లో ఉంటాడు.

దుర్గవ్వ అప్పటికే చాట గోడకు ఆనించింది. "మీ కార్డులు ఇటు పారేయుండ్రి. మీ ముగ్గురి పేరు మీద నేనిచ్చొస్త."

"మరి నీ కార్డు తియ్యవా?" అడిగింది హన్మవ్వ. నలుగురిలో పెద్దది, ఏదీ వదిలిపెట్టని మనిషి.

"నాకేం రోగమే? గుండ్రాయి లెక్కున్న!"

ఆ మాట అంటూనే దుర్గవ్వ మొహం పక్కకు తిప్పుకుంది. ఎందుకంటే, వాళ్లమ్మకు షుగరు వచ్చి, బొటనవేలి పుండు మానక, కామారెడ్డిలో మోకాలి కింది దాకా కాలు తీసేశారు. మంచం మీద కూర్చుని, లేని కాలు దురద పెడుతోందని ఆమె ఏడ్చిన ఏడుపు దుర్గవ్వ చెవుల్లోంచి ఇంకా పోలేదు. తనకూ ఈ మధ్య ఊరకే దాహమేస్తోంది. పాదాల్లో చీమలు పాకినట్టు ఉంటోంది. కింద కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కుతోందిలే అని ఆమె తనకు తానే చెప్పుకుంది. పరీక్ష చేయించుకుంటేనే రోగం బయటపడుతుంది, చేయించుకోకపోతే రోగమే లేదు. ఇదీ దుర్గవ్వ లెక్క.

బడి వరండాలో జాతరంత జనం. వాడలో అందరి మొహాలూ ఎరిగిన ఆశా వర్కరు అన్న కూతురి పెండ్లికి పోయింది. కొత్తగా వచ్చిన నర్సు సుష్మిత ఒక్కతే సూది గుచ్చుతూ, బరువు, ఎత్తు, బీపీ చూస్తూ, ట్యాబులో రాస్తూ ఆగమాగం అవుతోంది. పాపం, తల ఎత్తడానికి తీరిక ఏది?

"పేరు?"

"శాంతవ్వ," అంది దుర్గవ్వ, ఎడమచేతి చిటికెన వేలు చాచి. పేరు మనది కానప్పుడు సూది నొప్పే తెలియదు సుమండీ! దోమ కుట్టినట్టు కూడా అనిపించలేదు.

"రెండొందల డెబ్బై రెండు. షుగరు మస్తుందమ్మా నీకు," అంది సుష్మిత, చీటీ రాస్తూ. "బేస్తవారం ఎల్లారెడ్డి దవాఖానకు పరగడుపున రావాలె."

'అయ్యో, శాంతవ్వా! ఇద్దరు పిల్లల తల్లివి, నీకెంత కష్టమొచ్చెనే!' అని దుర్గవ్వకు నిజంగానే కండ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఒక తిరుగుడు తిరిగి, తలకు తువ్వాల చుట్టుకుని హన్మవ్వ పేరు మీద మళ్లీ లైన్లో నిలబడింది. ఉంగరపు వేలు. రెండొందల అరవై ఎనిమిది. 'హన్మవ్వకు కూడానా! ఇద్దరికిద్దరు! అందుకే అంటిని, చాయ్‌ల గన్ని చెంచాల చక్కెర పోసుకోకని,' అని ఆమె మీద కోపం కూడా తెచ్చుకుంది.

మూడోసారి కరోనా నాటి మాస్కు ఒకటి మూతికి తగిలించుకుని అనిల అయింది. నడిమి వేలు. సుష్మిత చెప్పకముందే మిషను మీది అంకెను దుర్గవ్వే చదివింది. రెండొందల డెబ్బై అయిదు.

అప్పుడు తెలిసింది ఆమెకు. ముగ్గురూ కాదు, ఒక్కరే. ఆ ఒక్కరూ తనే. వరండా మెట్ల మీద కాసేపు కూలబడింది.

ఇంటికి పోయి ఆ సంగతి చెప్తే అయిపోయేది. కానీ చెప్తే, "నడువు దవాఖానకు" అంటారు. అమ్మ మంచం, అమ్మ కాలు కళ్ల ముందుకొచ్చాయి. దుర్గవ్వ మూడు చీటీలు ముగ్గురి చేతుల్లో పెట్టి తన ఇంట్లోకి దూరింది.

ఆ తర్వాత వాడలో జరిగిన లొల్లి చూడాలి! చీటీ మీద పేరు ఎవరిదైతే రోగమూ వాళ్లదే, సూది ఎవరి వేలికి దిగిందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. శాంతవ్వ ఒకపూట అన్నం మానేసి జొన్నరొట్టెకు దిగింది. అనిల ఫోన్లో శైలేందర్‌కు చెప్పి ఏడ్చింది. అతను అక్కడ ఇంకా ఎక్కువ ఏడ్చి, పని వదిలిపెట్టి వచ్చేస్తానన్నాడు. ఇక హన్మవ్వ, చాయ్‌లో చక్కెర లేకపోతే ప్రాణం నిలవని మనిషి, డబ్బాలో ఉన్న బెల్లం, చక్కెర అంతా మూటగట్టి తెచ్చి దుర్గవ్వ ముందు పెట్టింది.

"ఇంట్ల కనబడితె మనసు ఆగది. నీకేం లేదు గద, నువ్వన్న తిను."

ఆమె వెనకే శాంతవ్వ అటుకుల లడ్డూలు తెచ్చింది. అనిల మొగుడు పంపిన ఖర్జూరాల పొట్లం తెచ్చింది. మూడిండ్ల తీపంతా వచ్చి దుర్గవ్వ ఇంట్లో కుప్పపడింది. వద్దంటే ఎందుకంటారు, తింటే చస్తుంది! వాళ్ల ముందు ఒక లడ్డూ కొరికి, అది మింగలేక, నీళ్ల మీద నీళ్లు తాగింది.

"గన్ని నీళ్లు ఎందుకే?" అంది హన్మవ్వ.

"ఎండలు గద," అంది దుర్గవ్వ. బయట ముసురు పట్టి మూడు రోజులైంది.

బేస్తవారం నలుగురూ ఆటో ఎక్కారు. ముగ్గురికి పరగడుపు, దుర్గవ్వ తోడు. వాళ్లకు ఏమీ ఉండదని ఆమెకు తెలుసు. మిషను తప్పు చూపించిందని అందరూ అనుకుంటారు, తన సంగతి తనలోనే ఉండిపోతుంది. ఇంతకంటే మంచి ఉపాయం ఏముంటుంది? ఆ ధైర్యంతోనే దవాఖాన గేటు దగ్గర రెండు వడలు, ఒక చాయ్ లాగించింది.

అనుకున్నట్టే అయింది. శాంతవ్వకు తొంభై నాలుగు. హన్మవ్వకు నూటొకటి. అనిలకు ఎనభై ఎనిమిది. ముగ్గురూ ఒకర్నొకరు పట్టుకుని నవ్వుతుంటే, డాక్టరు మాత్రం నవ్వలేదు. సుష్మితను పిలిచి ట్యాబు ఆమె ముందుకు జరిపాడు.

"ముగ్గురి బరువు అరవై ఎనిమిదే. ముగ్గురి ఎత్తు ఒక్కటే. బీపీ గూడ ఇంచుమించు ఒక్కటే. ఇగో, ఈ అనిలను చూడు, నలభై నాలుగు కిలోలు లేదు. వారంల ఇరవై నాలుగు కిలోలు కరిగిందా?"

"సార్, నేను చూసే రాసిన సార్..."

"ఇంట్ల కూసోని రాసినట్టున్నది. నిజం చెప్పకపోతె పైకి రాయాల్సి వస్తది. నౌకరి కొత్త గదా నీది?"

సుష్మిత రెండు చేతులతో ట్యాబును గుండెకు హత్తుకుని, చిన్నపిల్లలా పెదవి బిగబట్టింది. చూస్తుండగానే కళ్ల నుంచి నీళ్లు జారి ట్యాబు మీద పడ్డాయి.

దుర్గవ్వ గోడకు ఆనుకుని నిలబడి అంతా చూస్తోంది. నోరు మూసుకుంటే తన కాలు తనకుంటుంది, అని ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ పిల్ల బతుకు పోతుంది. ఒక్క రోజులో నూరు మందికి సూది గుచ్చి, పొద్దుగూకే దాకా మంచినీళ్లు కూడా తాగని పిల్ల. అది దుర్గవ్వ కళ్లారా చూసింది, మూడుసార్లు లైన్లో నిలబడింది కదా మరి!

"సారూ," అంది. గోడ వదిలి ముందుకొచ్చింది. "ఆ పిల్ల తప్పేం లేదు. ఆ నెత్తురు నాది."

"ఏంది?"

"ముగ్గురిదీ నాదే. చిటికెన వేలు శాంతవ్వ, ఉంగరం వేలు హన్మవ్వ, నడిమిది అనిల." చెయ్యి చాచి వరసగా చూపించింది. "వీళ్ల పని చెడుతదని నేనే పోయిన."

ముందు తేరుకున్నది హన్మవ్వ.

"ఓసి నీ నోట్ల మన్నువడ! వారం దినాలు ఉత్త చాయ్ తాగిపిస్తివి గదనే నాతోని!"

డాక్టరు కోపంగా చూడబోయి, నవ్వు ఆపుకోలేక అద్దాలు తీసి తుడుచుకున్నాడు. సుష్మిత కళ్లు తుడుచుకుని కొత్త సూది తీసింది. ఈసారి తల ఎత్తి, దుర్గవ్వ మొహంలోకి నిదానంగా చూసింది.

"పేరు?"

దుర్గవ్వకు ఆ చిన్న మాట చెప్పడం ఎంత కష్టమైందో! చూపుడు వేలు చాచింది. బీడీలు చుట్టే వేలు.

"దుర్గవ్వ."

సూది దిగింది. "అమ్మో!" అని ఎగిరిపడింది. ఈసారి భలే నొప్పి పుట్టింది మరి. మిషను మూడు వందల పద్దెనిమిది చూపించింది.

"రెండు వడలు తిన్న సారూ," అంది ముందుగానే. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "మా అవ్వకు తీసినట్టు నాకు గూడ కాలు తీస్తరా?"

డాక్టరు లేచి వచ్చి ఆమె పాదాలు రెండూ వంగి చూశాడు. అరికాళ్లు నొక్కాడు, వేళ్ల మధ్య చూశాడు. "ఏం కాలేదు. పుండు లేదు, స్పర్శ తెలుస్తున్నది. మీ అవ్వ పుండు పడ్డంక వచ్చింది, నువ్వు ముందే వచ్చినవ్. రేపు పరగడుపున మళ్ల రా, ఇంకొన్ని పరీక్షలు చేసి గోలీలు ఇస్త. పొద్దుగాల్ల గంట సేపు నడువాలె."

తిరుగు ప్రయాణంలో ముగ్గురూ ఆమెను వదిలితే ఒట్టు! బెల్లం వాపసు ఇయ్యాలని హన్మవ్వ, లడ్డూలు లెక్కపెట్టి తెచ్చుకుంటానని శాంతవ్వ. అనిల ఖర్జూరాల సంగతి తర్వాత చూసుకోవచ్చని, ముందు మస్కట్‌కు ఫోను కొట్టి ఏమీ లేదు, రావద్దని చెప్పింది. దుర్గవ్వ అన్నిటికీ తలూపింది. గుండె మీద బరువు దిగి, ఏడుపూ నవ్వూ కలిసే వస్తున్నాయి. కాసేపటికి అలవాటు ఊరుకోదుగా, మెల్లగా మొదలుపెట్టింది.

"అనిలా, నువ్వు పొద్దుగాల్ల ఎట్లన్న పాలకు చెరువు దాకా నడుస్తవ్ గద బిడ్డా. నా పేరు మీద గూడ జర..."

"నీ కాళ్లు నీకున్నయి గదత్తా," అంది అనిల. "నువ్వే నడువు."

దుర్గవ్వ వంగి ఆటోలో తన కాళ్లు చూసుకుంది. బురద పట్టిన చెప్పుల్లో రెండూ ఉన్నాయి. తర్వాత, ఊరు ఇంకా కిలోమీటరు ఉందనగా డ్రైవరు భుజం తట్టి ఆటో ఆపించింది. ముగ్గురూ ఎంత పిలిచినా ఎక్కకుండా, ముసురులో తడుస్తూ ఇంటి దాకా నడిచింది.