కొత్త పిన్నుకు పెట్టిన బొట్టు

నేను ఒక స్ప్రింగును. పిస్తోలు పేలినందుకు తప్పు నాదని కాగితం మీద రాశారు. తప్పు నాది కాదు. ఇందులో వాదించడానికేమీ లేదు.

సన్నటి ఉక్కు తీగను చుట్టి, కాల్చి, చల్లార్చి నన్ను చేశారు. పిస్తోలు వెనకభాగంలో తూటాను పొడిచే పిన్ను ఒకటి ఉంటుంది. దాని ఒంటిని చుట్టుకుని ఉండడమే నా బతుకు. ట్రిగ్గర్ నొక్కగానే పడే సుత్తి దెబ్బకు పిన్ను ముందుకు దూకుతుంది. మరుక్షణం దాన్ని నేను వెనక్కి తేవాలి. తేలేకపోతే దాని మొన బయటికి పొడుచుకునే ఉంటుంది. అప్పుడు తూటా ఎక్కీ ఎక్కగానే, ఎవరూ ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతుంది.

పద్నాలుగేళ్లు తెచ్చాను. ఒక్కసారీ తప్పలేదు. మొదట్లో ఒక ఎస్సై నడుముకు ఉన్నాం. పెళ్లిళ్లకు వెళ్తే చొక్కా కాస్త పైకి జరిపి మమ్మల్ని నలుగురికీ చూపించేవాడు. ఆయన ఎన్నడూ ఎవరినీ కాల్చలేదు. చూపించడంతోనే రిటైరయ్యాడు. తర్వాత మాబున్ని వచ్చింది. జడ్జిగారికి అంగరక్షకురాలు. మాట తక్కువ, జాగ్రత్త ఎక్కువ.

దసరాకు వారం ముందు, కాల్పుల సాధనలో నా పిన్ను మొన విరిగింది. ఆయుధాల గదిలో మరమ్మతులు చూసే హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు దాన్ని ఊడదీసి పాత రేకు డబ్బాలోకి విసిరాడు. టంగుమని ఒక్క చప్పుడు. పద్నాలుగేళ్ల తోడుకు అంతే.

"స్ప్రింగు కూడా మార్చకూడదా సార్?" అంది మాబున్ని.

ఓబులేసు నన్ను రెండు వేళ్ల మధ్య నొక్కి వదిలాడు. "దీనికేమైందమ్మా? ఇంకా పదేండ్లు పనిచేస్తాది."

ఆ మాట గుర్తుపెట్టుకోండి.

కొత్త పిన్నును ఆకురాయితో రెండుసార్లు రాసి, నూనె పూసి, నాలోకి దూర్చాడు. దాని మీద నాకు ప్రేమ లేదు. పని ఉంది. చేశాను.

మహర్నవమి నాడు తెల్ల దుప్పటి పరిచి తుపాకులన్నీ పూజకు పెట్టారు. ఓబులేసు గంధంలో కుంకుమ కలిపి బొట్లు పెడుతూ వచ్చాడు. మా దగ్గర ఆగాడు. సుత్తి వెనక్కి లాగి, కింద కనబడే కొత్త పిన్ను తల మీద పెద్ద బొట్టు అద్దాడు.

"కొత్త పెండ్లికూతురు. బొట్టు లేకుంటే ఎట్లా?"

"లోపలికి కారుతాది కదా సార్."

"కారనీలే తల్లీ. అమ్మవారు లోపల ఉండొద్దా?"

అందరూ నవ్వారు. మాబున్ని కూడా నవ్వింది. బొట్టు పిన్ను వెంబడి కారి నా చుట్ల మధ్యకు వచ్చింది. నూనెలో కలిసింది. రెండు రోజుల్లో గట్టిపడింది.

మూడో రోజు ఓబులేసు పైన గుడ్డతో తుడిచాడు. మొన్న బిగించిందే కదా అని లోపల విప్పలేదు. ఖాళీ పిస్తోలు ట్రిగ్గర్ ఒకసారి నొక్కి చూశాడు. సుత్తి కొట్టింది. పిన్ను ముందుకు వెళ్లింది.

తిరిగి రాలేదు.

నేను బిగించాను. కదల్లేదు. మళ్లీ బిగించాను. మొన బయటికి పొడుచుకుని అలాగే ఉంది. పైన చెయ్యి మారింది. వేళ్లు సన్నవి, మాబున్నివి. తూటాల పెట్టె కిందనుంచి టక్కున ఎక్కింది. ఇక పైభాగాన్ని ఒక్క లాగుడు లాగి వదిలితే తూటా ఎక్కుతుంది. చెబుదామంటే స్ప్రింగుకు నోరెక్కడిది? ఒళ్లంతా వణుకుతున్నా, ఆ వణుకు బయటికి చేరలేదు.

ఆమె నియమం ప్రకారం గొట్టాన్ని, పొరపాటున పేలినా తూటాను ఆపే ఇసుక పెట్టె వైపు తిప్పింది.

"ఇట్లియ్ తల్లీ. ఇప్పుడే తుడిచినా, మళ్లా ఇసుక పట్టిస్తావా? ఇంత భయముంటే పోలీసెందుకయినావు?" అంటూ ఓబులేసు లాక్కున్నాడు. గొట్టం కిందికి దించి, పైభాగం వెనక్కి లాగి వదిలాడు.

తూటా అతని బూటులోంచి, కుడి పాదంలోంచి నేలలోకి పోయింది.

ముగ్గురు అధికారులు కూర్చుని పిస్తోలు విప్పించారు. తెల్లకాగితం మీద ఎర్రటి పొడి రాలింది. ముగ్గురూ చూశారు. ఓబులేసు ఆస్పత్రి మంచం మీదనుంచి చెప్పి పంపాడు: "స్ప్రింగు సార్. పాతది. పట్టు పోయింది."

"పూజలో నువ్వూ ఉన్నావు కదమ్మా. ఏమన్నా చెప్పేదుందా?" అని పెద్ద అధికారి మాబున్నిని అడిగాడు.

ఆమె పొడి వైపు చూసింది. తర్వాత తన చొక్కా మీది పేరు పలక వైపు చూసుకుంది.

"స్ప్రింగే సార్," అంది.

ఆ ముస్లిం పేరున్న మనిషి పూజ కుంకుమను ఎలా తప్పుపడుతుందని మీరు జాలిపడవచ్చు. నేను పడను. ఆమెకేమవుతుందోనని వణికినవాణ్ణి నేను.

పెద్ద అధికారి కాగితం మీది పొడిని ఉఫ్‌మని ఊది, అదే కాగితం మీద నా తప్పు రాశాడు.

కొత్త పిన్నుకు కొత్త స్ప్రింగు దొరికింది. నన్ను సాక్ష్యంగా గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, బీరువాలో పెట్టారు. ఓబులేసు కుంటుకుంటూ పనిలోకి వచ్చాడు. ఈ ఏడు కూడా గంధం కలిపింది అతనే. బీరువా సందులోంచి వాసన వచ్చింది. మాబున్ని నడుమున ఇప్పుడేముందో, దాని లోపలికి ఏం కారిందో నాకు తెలియదు.

తెలుసుకోను. ఎవరైనా ఈ లక్క పగలగొట్టి నన్ను అడిగినా, దీని గురించి మళ్లీ ఒక్క మాట మాట్లాడను.