గడువుకు ముందే విప్పిన మడుగు

ఉదయం ఏడు గంటలు. రాత్రంతా కురిసిన వాన తెరిపిచ్చింది. గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది.

సలోమినా ఒక చేత్తో సాగో జావ కలుపుతూ, రెండో చేత్తో మనవడి ఉయ్యాల ఊపుతోంది. కూతురు దొర్కా గుమ్మంలో కూర్చుని ఈత అద్దాలకు ఉమ్ము రాసి తుడుస్తోంది. ఉయ్యాల్లో ఉన్న ఎల్కానా దొర్కా కొడుకు. ఇంకా బోర్లాపడటం కూడా సరిగ్గా రాలేదు. వాడి తండ్రి ముత్యాల సాగులో పనికి వేరే దీవికి వెళ్ళాడు, నెలకోసారి వచ్చి పోతుంటాడు.

"వాడికి కడుపునిండా ఇచ్చావా?" అంది సలోమినా.

"ఇచ్చానమ్మా. ఇంకా పట్టిస్తే కక్కుతాడు. మళ్ళీ ఆకలేసేలోపు వచ్చేస్తా."

"ఇవాళ ఎవరు?"

"నిన్నొచ్చిన ఓడలో పెద్దాయన. తెల్లగడ్డం. ఆర్నె అంట పేరు. వాళ్ళావిడకు చెవిపోటు, ఓడలోనే ఉంటానంది."

"చేతులు దగ్గర పెట్టుకోమని చెప్పు."

"రోజూ ఆ మాటే చెప్పి చెప్పి నాకు నోరు నొప్పెడుతోంది. నిద్రలో కూడా అంటున్నానేమో వీణ్ణడుగు," అని దొర్కా కొడుకు పొట్ట మీద ముద్దుపెట్టి మెట్లు దిగింది.

వైలెబో అనే ఈ దీవి ఊళ్ళో మడుగు ఆడవాళ్ళది. మూడు వైపులా రాళ్ళు, నాలుగో వైపు గుమ్మమంత సందు. పడమటి గాలి మొదలవగానే ఆ సందులో గుంజ పాతి, లేత కొబ్బరాకు అల్లి దానికి కడతారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. దాన్ని సాసి అంటారు. ఆ రోజు నుంచి మడుగు కట్టినట్టే. గాలి తిరిగి, ఈస్టర్ దాటి, ఆడవాళ్ళంతా కూడి ఆకు విప్పేదాకా లోపలి గవ్వ లోపలే పెరగాలి, రొయ్య లోపలే గుడ్లు పెట్టాలి. విప్పిన రోజు ఊరంతా పండగ. ఒకసారి విప్పాక ఆ ఏటికి మళ్ళీ కట్టరు. విప్పిన మడుగు ఇక అందరిదీ.

కట్టిన మడుగులో ఎవరైనా ఏదైనా చేతిలోకి తీసుకుంటే, మడుగు ఆ మనిషిని ఉంచుకుంటుంది. సలోమినా చిన్నప్పుడు పక్క దీవి నుంచి యెరెమియా అనేవాడు దొంగతనంగా దిగి, రాతిరొయ్య పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. పిల్లలు దోనె వేసుకుని పోయి పైనుంచి చూసి వచ్చేవాళ్ళు. వాడి భార్య వచ్చి రెండు రోజులు తిట్టి వెళ్ళింది. విప్పిన రోజున యెరెమియా పైకి తేలి, "నిప్పెట్టె ఉందా?" అని అడిగాడు. ఈలోగా వాడికి ఆడపిల్ల పుట్టింది. ఊళ్ళో దీన్ని వింతగా ఎవరూ చెప్పుకోరు. యెరెమియా మొండితనం గురించి చెప్పుకుంటారు.

దూరదేశాల నుంచి ఓడల్లో మడుగు చూడ్డానికి వచ్చేవాళ్ళు మొదలయ్యాక ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళైతే బాగుండేది. తరిమేసేవాళ్ళు. కానీ అరటితొక్క కూడా నీళ్ళలో వెయ్యరు. ఒంటికి పూసుకునే మందు పగడాలకు పడదని పూసుకోకుండా ఎండకు వీపులు కాల్చుకుంటారు. ముందు ఊళ్ళోకి వచ్చి, చాప మీద కూర్చుని, వక్క నమిలి నోరు పొక్కించుకుని, అప్పుడు అడిగారు: మేమేమీ తీసుకోం, ఊరికే చూసి వస్తాం, మీకిష్టమైతేనే.

ఆడవాళ్ళు చర్చిలో కూడారు. పెర్సిలా ఒప్పుకోలేదు. ఆమె సలోమినా భర్తకు అక్క. తమ్ముడు పోయాక కూడా మరదలి మీద పెత్తనం వదులుకోలేదు.

"నా వంటింట్లోకి ఊరికే చూడ్డానికొచ్చామన్న వాళ్ళెవరూ ఇంతవరకూ ఉత్త నోటితో బయటికి పోలేదు," అంది పెర్సిలా.

"నీ కూర అంత బాగుంటుందా వదినా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఆ నవ్వులోనే సలోమినా, "చూస్తే ఏం పోతుంది?" అంది. మడుగు పెద్ద ఆమే. ఆ మాట నిలిచింది.

నిజంగానే ఏమీ పోలేదు. వచ్చినవాళ్ళిచ్చే డబ్బుతో బడికి కప్పు పడింది. కాన్పులు చేసే నర్సు ఊళ్ళోనే కాపురం పెట్టింది. దొర్కా మొగుడితో పాటు ముత్యాల సాగుకు పోకుండా, వచ్చినవాళ్ళకు మడుగు చూపించే పని నేర్చుకుని ఇంటిపట్టునే ఉంది. కూతురు పక్క గదిలో నిద్రపోతుంటే సలోమినాకు అంతకంటే కావలసిందేమీ కనిపించలేదు.

ఎండ నెత్తి మీదకు రాకముందే ఓడ తాలూకు చిన్న పడవ రేవుకు గుద్దినట్టు వచ్చి ఆగింది. అతిథుల్ని తిప్పే రూడి దూరాన ఉన్న మకస్సర్ పట్నం వాడే అయినా ఈ నీళ్ళలో చాలా ఏళ్ళుగా తిరుగుతున్నవాడు. వాడికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

"అమ్మా," అన్నాడు మోకాళ్ళ నీళ్ళలో నిలబడి. "ఉంచేసుకుంది."

"ఎవర్ని?"

"ఇద్దర్నీ."

సలోమినా చేతిలో గరిటె అలాగే ఉంది. దోనె ఎక్కేదాకా దాన్ని ఎక్కడో పెట్టాలని కూడా తోచలేదు.

మడుగు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కింద, పగడాల మీద, ఇద్దరూ కనిపించారు. ఆర్నె ఒక చేతిలో కెమెరా, రెండో అరచేతిలో లోలా అనే చారల గవ్వ. ఆ గవ్వను అప్పుడే అక్కడ పెట్టి వెనక్కి తీసుకుంటున్న వేళ్ళు దొర్కావి. ఫొటో బాగా రావాలనుకుందో, ముసలాయన ముచ్చటపడ్డాడనో. దొర్కా నవ్వుతోంది. జుట్టు ఒక పక్కకు లేచి అలాగే ఆగింది. ఆమె ముక్కు నుంచి బయల్దేరిన గాలి బుడగలు దండ గుచ్చినట్టు సగం దూరంలో నిలబడిపోయాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

పెర్సిలా మరదలి భుజం గట్టిగా పట్టుకుంది. ఆమె అలా చేయడం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

ఆర్నె భార్య ఇంగ్రిడ్‌ను తీసుకొచ్చారు. చెవిలో దూది పెట్టుకుని, దోనె అంచు పట్టుకుని, చాలాసేపు కిందికి చూసింది. రూడి ఆమె మాటలు వీళ్ళకూ, వీళ్ళ మాటలు ఆమెకూ చెప్పాడు.

"నొప్పి ఉంటుందా అని అడుగుతున్నారు."

"ఏమీ ఉండదని చెప్పు," అంది పెర్సిలా. "మనకే ఉంటుంది."

"ఎప్పుడొస్తారంటున్నారు."

"ఈస్టర్ దాటాక. మేం విప్పిన రోజు."

"ముందే విప్పితే?"

కొండ మూలకు అవతల, కంటికి కనిపించేంత దూరంలోనే, గాలి గొట్టాలు పెట్టుకుని లోతుకు దిగే బయటివాళ్ళ పడవలు లంగరు వేసుకుని ఉన్నాయి. మడుగు విప్పుతారేమోనని ఏటా అలాగే కాచుకుని ఉంటాయి. రూడి చెయ్యి చాపి అటు చూపించాడు. ఇంగ్రిడ్ చూసింది. అర్థమైంది.

"అయితే నేను ఇక్కడే ఉంటాను," అంది. "మా ఆయన కోసం దీన్ని విప్పారని తెలిస్తే ఆయన తట్టుకోలేడు. నేను ఆగుతాను."

సలోమినాకు ఆ మాట తన నోటి నుంచి రావలసిందని తెలుసు. ఆమె ఇంటికి వచ్చి మనవడి గుడ్డలు మడుస్తూ కూర్చుంది.

ఎల్కానా సాయంత్రం దాకా ఏడ్చాడు. ఊళ్ళో పాలిచ్చే తల్లి ఇంకెవరూ లేరు. ఇంగ్రిడ్ ఓడలో నుంచి పాలపొడి డబ్బా తెప్పించి, తనే గోరువెచ్చని నీళ్ళలో కలిపి తెచ్చింది. వాడు రెండుసార్లు ఉమ్మేశాడు. మూడోసారి తాగాడు.

"చూశావా," అంది పెర్సిలా. "వీడికి నీకంటే బుద్ధుంది. తాగాడు, బతుకుతాడు. దొర్కా నవ్వుతూ లేచొస్తుంది. ఒక్క నిద్ర పోయి లేచినట్టే దానికి. నాలుగు నెలలు కళ్ళు మూసుకో, సలో."

"సరే," అంది సలోమినా. నిజంగానే అంది.

మర్నాడు పొద్దున కూతుర్ని ఒకసారి చూసొస్తానంది. బిడ్డను గుడ్డతో రొమ్ముకు కట్టుకుంది. ఒంటరిగా పంపడం ఇష్టం లేక పెర్సిలా తెడ్డు అందుకుంది.

మడుగు మధ్యకు వచ్చేసరికి ఎల్కానా లేచి, ఆకలికి గుక్కపట్టాడు. సలోమినా వాణ్ణి తట్టుతూ కిందికి చూసింది.

దొర్కా జుట్టు కదల్లేదు. బుడగలు కదల్లేదు. కానీ రొమ్ము దగ్గర చొక్కాలోంచి సన్నటి తెల్లని దారం ఒకటి నీళ్ళలోకి లేస్తోంది. పాలు. బిడ్డ ఏడుపు పెరిగేకొద్దీ దారం పొడుగవుతోంది. మెలికలు తిరుగుతూ పైకి వచ్చి, దోనె పక్కన విడిపోయి, నీళ్ళలో కలిసిపోతోంది.

ఇద్దరూ చూశారు. పెర్సిలా తెడ్డు ఆపేసింది.

"కత్తి ఇవ్వు వదినా."

"సలో. వీడు నిన్న తాగాడు. ఇవాళా తాగుతాడు."

"తెలుసు."

"తర్వాత ఊళ్ళో మన మొహం ఎవరూ చూడరు."

"నాకు తెలుసు వదినా. కత్తి ఇవ్వు."

పెర్సిలా నడుము దగ్గర దోపుకున్న కత్తి తీసి ఇచ్చింది. తనే దోనెను గుంజ దాకా నడిపింది. ఆ మాట ఆమె తర్వాత ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. తనకేం తెలియదనీ చెప్పలేదు.

కొబ్బరాకు అల్లిక రెండు వేట్లకు తెగి నీళ్ళలో పడింది.

దొర్కా పైకి తేలి, ఊపిరి తీసుకుని, "అమ్మా, నువ్వేంటి ఇక్కడ? వీడెందుకు ఏడుస్తున్నాడు? ఇప్పుడే కదా ఇచ్చొచ్చాను," అంది. ఆ తర్వాత తల్లి చేతిలో కత్తి చూసింది. నీళ్ళ మీద తేలుతున్న ఆకు చూసింది. బిడ్డ కోసం చేతులు చాచింది. ఆర్నె పక్కనే తేలాడు. గవ్వను పెళుసు వస్తువులా రెండు చేతుల్లో పట్టుకుని మళ్ళీ మునిగి, దాన్ని ఎక్కడిది అక్కడే పెట్టి వచ్చాడు.

మధ్యాహ్నానికి కొండ అవతలి పడవలు వచ్చాయి. విప్పిన మడుగు అందరిదీ. ఊళ్ళో మగవాళ్ళు కూడా వలలు తీసుకుని దిగారు. వాళ్ళకు పోయేదాన్ని మనమెందుకు వదలాలి అన్నారు. సగం పెరిగిన గవ్వలు, గుడ్లతో ఉన్న రొయ్యలు, వేలెడంత లేని పిల్లలు, అన్నీ పోయాయి. వారం తిరక్కుండా నీళ్ళలో ఉత్త రాళ్ళు మిగిలాయి. ఇంగ్రిడ్, ఆర్నె గట్టు మీద కూర్చుని ఏడ్చారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఇంకో రెండు ఓడలు వచ్చి, చూడ్డానికేమీ లేదని తెలుసుకుని వేరే దీవికి దారి మళ్ళాయి. ఆ దీవివాళ్ళ మడుగు బాగుంటుందని విన్నారు.

మరుసటి ఏడు పడమటి గాలికి ఆడవాళ్ళు మళ్ళీ గుంజ పాతారు. ఆకు కట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. నాలుగో రోజున ఊరివాడే ఒకడు పట్టపగలు మడుగులో దిగి, దొరికిన రెండు గవ్వలు ఏరుకుని, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. మడుగు వాణ్ణి ఉంచుకోలేదు. అరుగుల మీద నుంచి అందరూ చూశారు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. అందరూ సలోమినా ఇంటివైపు చూసి, తల తిప్పుకున్నారు.

సలోమినా మడుగు పెద్దరికం వదిలేసింది. దొర్కా మళ్ళీ ఆ అద్దాలు పెట్టుకోలేదు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తుకోరు. ఒక్కసారి, గుడ్డలు పిండుతూ, దొర్కా అంది:

"నన్ను ఉండనిచ్చి ఉండాల్సిందమ్మా. నాకేం తెలిసేది కాదు."

"నాకు తెలిసేది," అంది సలోమినా.

దొర్కా ఇంకో గుడ్డ తీసుకుని పిండింది.

మడుగులో ఏమీ లేదు కనుక ఆడవాళ్ళు ఇప్పుడు కొండ దాటి, పెద్ద సముద్రంలోకి వెళ్తున్నారు. అటువైపు నీళ్ళు వేరు. లోతెంతో తెలియదు. సుడులుంటాయి. మునిగినవాళ్ళను ఎంత కాలానికైనా తిరిగివ్వాలన్న కట్టుబాటు ఆ నీళ్ళకు లేదు. దొర్కా వెళ్తుంది. పెర్సిలా, ఆ నడుముతో, ఆ మోకాళ్ళతో, ఆమె కూడా వెళ్తుంది. సలోమినా బిడ్డతో ఒడ్డున ఉండిపోతుంది. నువ్వుంటేనే మాకు ధైర్యమని దొర్కా అంటుంది. ఆ మాట ఎందుకంటుందో సలోమినా అడగదు.

ఒక సాయంత్రం, ఆడవాళ్ళింకా నీళ్ళ మీద ఉండగానే, చెప్పాపెట్టకుండా గాలి లేచింది. ఎల్కానా ఇప్పుడు నడుస్తాడు. రేవు చివరికి పరిగెత్తకుండా వాడి చొక్కా తోక పట్టుకుని సలోమినా నిలబడింది. వైలెబోలో ఇంతకు ముందు ఏ తల్లికీ ఇలా ఒడ్డున నిలబడి లెక్కపెట్టే పని పడలేదు.

పాస్టరు గారి చెల్లెలు వచ్చింది. వెనకే పెర్సిలా, గాలినీ, సముద్రాన్నీ, తన కోడలి తెడ్డు వాటాన్నీ కలిపి తిడుతూ వచ్చింది. తిట్లు తింటూ కోడలు వచ్చింది. మరో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే దోనెలో, నీళ్ళు తోడుకుంటూ వచ్చారు. సలోమినా ఒక్కో వేలూ మడుస్తోంది. తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు. రెండో చేతి బొటనవేలు అలాగే నిలబడి ఉంది.

కొండ మూల నుంచి ఒక దోనె తిరిగింది. దొర్కా.

వేలు మడిచింది.

"అందరూ వచ్చారు," అంది, ఎవరూ అడగకపోయినా.

ఆ తర్వాత రేవు మీద తడి గుడ్డలు పిండుకుంటున్న వాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూస్తూ, మళ్ళీ మొదటి వేలు నుంచి లెక్కపెట్టింది.