ఆమెన్ అన్న నోరు

నకరికల్లులో పుట్టింటికి పురిటికి వచ్చిన కీర్తనకు బాలింత మర్యాదలన్నీ జరిగాయి. చెవుల్లో దూది పెట్టారు, తలకు గుడ్డ కట్టారు, పాత బియ్యపు అన్నంలో వెల్లుల్లి కారం కలిపి పెట్టారు, స్నానమయ్యాక సాంబ్రాణి పొగ వేశారు. పాప నిక్షేపంలా ఉంది. వచ్చినవాళ్లంతా ముక్కు తండ్రిదనీ, నుదురు అమ్మమ్మదనీ పాపను తలా ఇంత పంచిపెట్టి వెళ్లేవారు. తల్లి ముఖం ఎలా ఉందో చూసినవాళ్లు లేరు.

కీర్తనకు ఏమీ అనిపించేది కాదు. ఏడుపు వస్తే బాగుండేది, అదీ రాదు. పాప ఏడిస్తే లేచి పాలిచ్చేది. పక్కింటివాళ్ల బిడ్డకు ఇస్తున్నట్టే ఉండేది. పాప నిద్రపోయాక తాను గోడ వైపు చూస్తూ పడుకునేది. తాను లేకపోతేనే పాప బాగా పెరుగుతుందని ఈమధ్య ఒక ఆలోచన మొదలైంది. పిలవని చుట్టంలా రోజూ వచ్చి కూర్చుంటోంది. ఎవరికీ చెప్పకపోతే ఏదో ఒకరోజు దాని మాటే వినేస్తానేమో అన్నదొక్కటే ఆమెలో మిగిలిన భయం.

ఒకసారి తల్లి దయామణితో చెప్పబోయింది. "అమ్మా, నాకేందో బాగుండట్లేదే."

"పచ్చి బాలింతవు, బాగెట్టా ఉంటది? పత్యం సరిగ్గా తిను, అదే సర్దుకుంటది," అంటూ దయామణి కూతురి చెవిలోంచి జారిన దూదిని మళ్లీ లోపలికి నొక్కింది. దూది ఉన్నది కూతురి చెవుల్లో, వినపడనిది తల్లికి.

మాచర్ల నుంచి ఫోన్ చేసే భర్త బెంజిమిన్‌దీ అదే వరస. "నీకేంది, మీ అమ్మ మహారాణి లెక్క చూసుకుంటోంది!" అనేవాడు.

ఆ ఆదివారం పాపను ప్రార్థన మందిరంలో దేవుడికి ప్రతిష్ఠించారు. బెంజిమిన్ కూడా మాచర్ల నుంచి కారులో వచ్చాడు. బిడ్డను తెచ్చిన తల్లి లేచి, దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ. సాక్ష్యాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: నొప్పులొచ్చాయి, డాక్టరు భయపెట్టింది, ప్రభువు కాపాడాడు. మాటమాటకూ జనం ‘స్తోత్రం’ అంటారు, చివర్లో ‘ఆమెన్’ అని భోజనాలకు లేస్తారు. ఏం విన్నారంటే ఒక్కరూ చెప్పలేరు. బయట బిర్యానీ దించారని వాసనే చెబుతుంటే చెవులు ఎక్కడ పనిచేస్తాయి!

మైకు చేతికిచ్చారు. తల్లి నేర్పిన మాటల కోసం కీర్తన వెతుక్కుంది. ఒక్కటీ దొరకలేదు.

"అందరికీ వందనాలు. నాకు పాప పుట్టింది."

"స్తోత్రం!"

"పాపను చూస్తే నాకేమీ అనిపించట్లేదు."

"స్తోత్రం!"

"నిద్ర పట్టట్లేదు. ఏడుపు కూడా రావట్లేదు."

"స్తోత్రం!"

"నేను లేకపోతేనే పాపకు మంచిదని రోజూ అనిపిస్తోంది."

"ఆమెన్!" అంది మందిరమంతా.

అందరికంటే గట్టిగా అన్నది ముందు వరుసలో పాపను ఒళ్లో పెట్టుకున్న దయామణి. తన నోట్లోంచి వచ్చిన ఆ మాట తన చెవికి చేరేసరికి దేనికి ఆమెన్ అన్నానురా దేవుడా అనుకుంది. వెనక ఎవరో ఇంకోసారి స్తోత్రం అనబోయి ఆగిపోయారు.

పాస్టరు సామ్యేలు తడబడుతూ వచ్చి కీర్తన తల మీద చెయ్యి పెట్టాడు. "సాతాను పనమ్మా ఇది. అందరం ప్రార్థన చేద్దాం."

"మీరు చెయ్యండి అయ్యగారూ, ఆపొద్దు," అంది దయామణి లేచి. "నేను మాత్రం నా బిడ్డను డాక్టరు కాడికి తీసకపోతా."

బెంజిమిన్ వంటల వైపు చూశాడు. "చుట్టాలంతా వచ్చారు గదత్తా, రేపు..."

"తినేవాళ్లు తింటారు నాయనా. నువ్వు కారు తియ్యి."

నరసరావుపేట ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీలో ఉన్న డాక్టరు కీర్తనను ఇంటికి పంపలేదు. ఒక్కదాన్ని వదలొద్దని చెప్పి అక్కడే ఉంచుకుని, మర్నాడు పొద్దున్నే మానసిక వైద్యురాలికి చూపించింది. ఆవిడ అన్నీ అడిగింది, దేనికీ మధ్యలో అడ్డురాలేదు.

"కాన్పు తర్వాత చానామందికి వచ్చే జబ్బమ్మా ఇది. నువ్వు చెడ్డ తల్లివి కాదు. పాలిస్తూ వేసుకునే మందులే రాస్తాను. తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది," అని దయామణి వైపు తిరిగింది. "ఆ ఆలోచన వచ్చిందంటే వెంటనే తీసుకురండి. తనకు సర్దిచెప్పేవాళ్లు వద్దు, వినేవాళ్లు కావాలి."

ఇంటికి వచ్చాక దయామణి మంచం పక్కనే చాప వేసుకుంది. సాయంత్రం పాపకు పాలు పట్టించాక అడిగింది. "ఆ ఆలోచన ఇయ్యాల వచ్చిందా అమ్మా?"

"రాలేదు."

దయామణి నోరు అలవాటుగా స్తోత్రానికి తెరుచుకుంది. కొంగు అడ్డం పెట్టుకుని ఆపుకుంది. "మరి పాపను చూస్తే?"

"ఏమీ లేదమ్మా. అట్టానే ఉంది."

"సరే. రేపు మళ్లీ అడుగుతా. ఏమీ లేదనే చెప్పు, ఫర్లేదు. వింటా."

అది విన్నా కీర్తనకు ఏమీ అనిపించలేదు. కానీ ఆమె చెయ్యి మంచం మీంచి కిందికి జారి, తల్లి కొంగు చివర పట్టుకుంది. దయామణికి వంటింట్లో పనుంది. అయినా లేవలేదు.