మడమ కింద చెయ్యి

“చక్కెర డబ్బా మళ్ళీ పై అరలో పెట్టిందెవరు?” కోడలు వంటింట్లోంచి కేకేసింది.

“నన్నడుగుతావేంటే? నాకు కింది అరే సరిగ్గా అందదు. నువ్వే పెట్టి మర్చిపోయుంటావు,” అత్తగారు అంతకంటే గట్టిగా అంది.

“మీరూ కాక, నేనూ కాక, డబ్బాకి కాళ్ళొచ్చాయా అత్తయ్యా?”

అన్నాక కోడలికే అనుమానం తగిలింది. స్టూలు వేసుకుంటే తప్ప ఆ అర తనకీ అందదు. మునివేళ్ళ మీద నిలబడి అందుకోగలిగినవాడు ఇంట్లో ఒక్కడే. కుడికాలు చచ్చుబడిందని నెలరోజులుగా మంచం పట్టిన బస్సు డ్రైవరు, తన మొగుడు.

రేపు పదింటికి అతను మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళాలి. నాటకమని తేలితే పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం ఊడుతుంది.

ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఇంటి మనిషిని అనుమానించడమేమిటని ఇన్నాళ్ళూ ఆ కాలు పరీక్షించలేదు. ఇప్పుడు గదిలోకెళ్ళి అతని కుడి మడమ కింద అరచెయ్యి పెట్టింది.

“నా చేతిని కిందికి నొక్కండి.”

మడమ కదల్లేదు.

“పోనీ, ఎడమకాలు పైకెత్తండి.”

ఎడమకాలు లేచింది. లేస్తూనే, చచ్చుబడిందన్న మడమ ఆమె అరచేతిని పరుపులోకి గట్టిగా అదిమింది. ఒక కాలెత్తితే బాగున్న రెండోకాలు దానంతటదే కిందికి నొక్కుతుంది. రేపు బోర్డు డాక్టరూ ఇదే పరీక్ష చేస్తాడు.

“పట్టేశావు,” అతను గోడవైపు తిరిగాడు. “ఇక తిట్టు.”

ఇలాంటివాళ్ళను ఆమె ఆసుపత్రిలో చూసింది. దొంగ దొరికాడని సంబరపడితే మనిషి మంచానికి మరింత అతుక్కుపోతాడు.

“తిట్టను. బస్సెక్కితే ఏమవుతుంది?”

అతను గోడకేసే చూస్తూ చెప్పాడు.

“మలుపులో ఓ ముసలాయన అడ్డొచ్చాడు. జానెడు దూరంలో బండాగింది. ఆయన దులుపుకుని వెళ్ళిపోయాడు. నా కాలు మాత్రం బ్రేకు మీద వణుకుతూనే ఉంది. ఇప్పుడు స్టీరింగు తలుచుకుంటే చాలు, ఊపిరాడదు. భయమంటే డిపోలో నవ్వుతారు. కాలు పడిపోయిందంటే ఎవరూ నవ్వరు.”

“భయానికి మా ఆసుపత్రిలోనే డాక్టరుంది. బాగున్న ఈ కాలికే ఎవరూ వైద్యం చెయ్యలేరు.”

భోజనాల వేళ ఆమె అతని కంచం మంచం దగ్గరికి పట్టుకెళ్ళలేదు, బల్ల మీదే పెట్టింది. పిలవనూ లేదు. కూర చల్లారుతుండగా అతను కుంటకుండా నడిచొచ్చి కూర్చున్నాడు. అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

“డబ్బా నేనే పెట్టానమ్మా,” అన్నాడు, కంచంలోకే చూస్తూ. “రేపు బోర్డులో కాలు బాగానే ఉందని చెప్తాను. బండి మాత్రం నడపలేనని, ఎందుకో కూడా చెప్తాను. ఉంచితే ఉంచుతారు, తీసేస్తే తీసేస్తారు.”